వెనక నుంచి పిలుపు

చలిపాలెం రేడియో గది
పెద్దచుక్క విదియ

రేడియోలో విన్నది: ఏమీ లేదు.

రోజూ రాసే ముక్కే ఇది. గుట్టపల్లి వైపు తిప్పి ఉంచిన పెద్ద సెట్టు రోజంతా గురక పెడుతుంది, నేను ‘ఏమీ లేదు’ అని రాస్తాను. పెద్దచుక్క చుట్టూ తిరిగే ఈ మంచు నేల మీద మాకున్న ఒకే ఒక్క పొరుగూరు అది. మధ్యలో, మా వైపుకే దగ్గరగా ఉన్న గుట్ట మీది రేడియో స్తంభం మంచు కంపించి కూలిపోయిన నాటి నుంచి వాళ్ల గొంతు మాకు అందలేదు. అయినా గదిలో మనిషి ఉండాలట. ఉన్నాను.

చూసింది మాత్రం ఉంది. ఇవాళ తొట్లలో నురగ తీసే వంతు నాది. మధ్య తొట్టి మూత ఎత్తి చూశాను. పాచి తెల్లబడింది. బియ్యం కడిగిన నీళ్లని మా అమ్మమ్మ ఏవో చెబుతుండేది. నేనెప్పుడూ చూడలేదు గానీ ఇలాగే ఉంటాయేమో. మేం పీల్చేది ఆ పాచి వదిలిన గాలి, తాగేది ఆ పాచితో కాచిన జావ. అది తెల్లబడితే ఏమవుతుందో మా ఊళ్లో పసిపిల్లకి కూడా తెలుసు.

కమలాంబ గారిని పిలుచుకొచ్చాను. ఊరికి పెద్ద ఆవిడే. పిల్లలకి చదువు చెప్పేది, తగవులు తీర్చేది, గుమ్మం తాళం నడుముకి కట్టుకు తిరిగేది కూడా ఆవిడే. గరిటెతో పాచి ఎత్తి, వాసన చూసి, మూత మళ్లీ వేసేసింది.

"ఎవరితోనూ అనకు, పద్మనాభం," అంది.

"అనకపోతే పచ్చబడుతుందాండీ?"

"నీ వెటకారం తగలెయ్య. రెండు రోజులు చూద్దాం."

చవితి

రేడియోలో: ఏమీ లేదు.

రెండో తొట్టి కూడా అంచుల్లో పాలిపోయింది. ఇక దాచడానికి లేదు. ఊరంతా జావగదిలో కూడింది. గోడ మీద నరసమ్మ తల్లి బొమ్మ, దానికి పాచి ఎండబెట్టి అల్లిన దండ. కమలాంబ గారు ఆ బొమ్మ కింద నిలబడి కథ చెప్పింది. వారం వారం పిల్లలకి చెప్పే కథే, ఈసారి పెద్దలం నోరు మూసుకుని విన్నాం.

వెనకటి రోజుల్లో తొట్లన్నీ చచ్చిపోయి ఊరు ఊపిరాడక మూలుగుతుంటే, గుట్టపల్లి నుంచి ఒక ఆడమనిషి ఒంటరిగా తెల్లబయలు దాటుకుని వచ్చింది. బతికున్న పాచి బుడ్డి గడ్డకట్టకుండా పొట్టకి కట్టుకుని తెచ్చింది. బయట వేసుకునే గాలి తొడుగు చిరిగింది, రెండు వేళ్లు నల్లబడ్డాయి. బుడ్డి ఇచ్చి, నీళ్లు తాగి, మళ్లీ బయటికి నడిచింది. నరసమ్మ అన్న పేరు తప్ప ఆమె ఎవరో, తర్వాత ఏమైందో తెలిసేలోపే స్తంభం కూలింది.

"ఒక్క అడుగు వెనక్కి వేయలేదు, ఒక్కసారి వెనక్కి చూడలేదు," అని పిల్లలంతా ఒక్క గొంతుతో కథ ముగించారు.

మా ఊరి పద్ధతులన్నీ ఆ ఒక్క మాటలోంచి పుట్టినవే. బయల్దేరిన మనిషిని వెనక నుంచి పిలవకూడదన్నది భూమ్మీద మా పెద్దలు ఇళ్లలో పాటించిన అలవాటు. ఇక్కడది శాసనమైంది. నడకకి వెళ్లే మనిషికి పోవడానికి సరిపడా గాలి సీసాలే కడతాం. తిరుగు దారికంటూ ఒక్కటి కూడా కట్టం, ఆ గాలి అవతలి ఊళ్లోనే నింపుకోవాలి. అలా కడితే మనమే వెనక్కి రమ్మన్నట్టట.

కమలాంబ గారి భర్త సుందరం గారు అలాగే వెళ్లారు. గుట్ట మీద స్తంభం మళ్లీ నిలబెట్టి, అటు నుంచి అటే గుట్టపల్లి చేరాలని. స్తంభం లేవలేదు, కబురు రాలేదు. "ఆయన గుట్టపల్లిలో ఉన్నారు," అంటుంది ఆవిడ, ఎవరడిగినా. నుదుట బొట్టు ఒక్క రోజు కూడా చిన్నది చేయలేదు.

"దారిలో స్తంభం నిలబెట్టి, గుట్టపల్లి నుంచి కొత్త పాచి తేవాలి. ఎవరు వెళ్తారు?" అంది.

అందరి తలలూ దిగాయి. నాదీ దిగింది. ఎత్తేసరికి మా అమ్మాయి ఇంద్రజ నిలబడి ఉంది. నాకున్నది అదొక్కతే.

తొడుగుల గదిలో పట్టుకుని నిలదీశాను.

"నువ్వెందుకే? ఊళ్లో ఇంకెవరూ లేరా?"

"నాకు చిన్నప్పుడు జ్వరమొస్తే ఏమనేవాడివి నాన్నా? నరసమ్మ తల్లి ఏడ్చిందా, గుటుక్కున మింగెయ్ అనేవాడివి."

"మందు మింగడానికి చెప్పానే తల్లీ, బయలు దాటడానికా?"

అది నవ్వింది. తొడుగు వేసుకుని నడిచే పరీక్షలో ఎన్నిసార్లు తప్పిందో దీనికే గుర్తుండదు. తప్పిన ప్రతిసారీ ఆ బొమ్మ కింద కాసేపు కూర్చుని లేచి మళ్లీ వెళ్లేది. చివరికి ఊళ్లో అందరికంటే బాగా నడిచేది ఇదే అయింది. ఆ బొమ్మే దీన్ని నిలబెట్టింది, ఇప్పుడు ఆ బొమ్మే పట్టుకుపోతోంది. ఎవరి మీద కోప్పడాలో తెలియక తొడుగు పట్టీలు బిగించాను.

షష్ఠి

వెళ్లింది.

పద్ధతి ప్రకారం ఊరంతా గోడ వైపు తిరిగి నిలబడ్డాం. కన్నకూతురు గుమ్మం దాటుతుంటే గోడకున్న తుప్పు మరకలు చూస్తూ నిలబడ్డాను. తలుపు మూసుకున్న చప్పుడు విన్నాక కమలాంబ గారు దాని అంచుల వెంట నీళ్లు పోసింది. క్షణంలో గడ్డకట్టి తలుపు గోడలో కలిసిపోయింది. అవతలి ఊరు చేరిన కబురు వచ్చేదాకా ఆ మంచు పగలగొట్టకూడదు.

ఇంద్రజ చేతి సెట్టుకి మా గదిలోని చిన్న సెట్టు తప్ప మరేదీ అందదు. అది మాట్లాడితే నేను వినొచ్చు. బదులివ్వకూడదు. ఇస్తే వెనక నుంచి పిలిచినట్టే. ఈ నియమం రాసినవాడికి పిల్లలు లేరని నా గట్టి నమ్మకం.

అష్టమి

ఇంద్రజ: "నాన్నా, వింటున్నావని తెలుసు. మంచు బాగానే ఉంది, బండి తేలిగ్గా జారుతోంది. స్తంభం ముక్కలే బరువు. పెద్దచుక్క నెత్తి మీద సగం వెలిగి ఎంత బాగుందో తెలుసా? కాళ్లు నెప్పులు. అయినా నరసమ్మ తల్లి ఒట్టి చేతులతో నడిచిందా ఏం నాన్నా? నువ్వు జావ తాగు. తాగలేదని తెలుసు."

దగ్గు వచ్చింది. మైకు నుంచి మొహం తిప్పుకుని చొక్కాలో దగ్గాను. జావ మాత్రం తాగాను.

మూడో తొట్టి కూడా పాలిపోతోంది. పిల్లల్ని పరుగులు పెట్టవద్దని కమలాంబ గారు చెప్పింది. పరుగు పెడితే గాలి ఎక్కువ ఖర్చు. ఇంతమంది పిల్లలున్న ఊరు ఇంత నిశ్శబ్దంగా ఉండటం నాకు భయంగా ఉంది.

దశమి

జరిగింది జరిగినట్టు రాస్తాను.

కమలాంబ గారు ఇంద్రజ మాట విందామని నా గదిలోనే కూర్చుంది. సెట్టు పలికింది.

"నాన్నా, గుట్ట ఎక్కాను. ఇక్కడ... ఇక్కడ ఎవరో ఉన్నారు."

తర్వాత ఊపిరి చప్పుడు తప్ప ఏమీ లేదు. నా చెయ్యి మైకు మీదికి పోయింది. కమలాంబ గారు దాన్ని తీసి పక్కన పెట్టింది.

"సుందరం మావయ్య నాన్నా. తొడుగు మీద పేరు ఉంది. రాయికి ఆనుకుని కూర్చున్నాడు, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని. పడిపోలేదు, కూర్చునే ఉన్నాడు. మొహం మన ఊరి వైపుంది. ఇక్కడి నుంచి మన దీపం కనిపిస్తోంది."

నేను ఆవిడ మొహం చూడలేకపోయాను. చూడకుండా ఉండలేకపోయాను కూడా. ఆవిడ కళ్లు సెట్టు మీదే ఉన్నాయి.

"ఆయన గుట్టపల్లిలో ఉన్నారు," అంది.

"కమలాంబ గారూ..."

"ఆయన ఇటెందుకు తిరుగుతారు? జారి ఉంటారు. జారితే మనిషి ఎటైనా తిరుగుతాడు." లేచి, కొంగు సర్దుకుని, మళ్లీ అదే కుర్చీలో కూర్చుంది.

ఇంద్రజ కాసేపు ఆయన పక్కనే కూర్చుంటానంది. అలసట తీరాక స్తంభం బిగిస్తుందట.

ఏకాదశి

తొందరలో రాస్తున్నాను, అక్షరాలు పోతే పోనివ్వండి.

స్తంభం లేచింది. లేచిన కాసేపటికి పెద్ద సెట్టు గురక ఆపింది. నేను చెడిపోయిందనుకుని ఒకటి తట్టాను. లోపలి నుంచి ముసలి గొంతు వచ్చింది.

"అలో. ఎవలన్న ఉన్నరా గక్కడ?"

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. "చలిపాలెం. చలిపాలెం మాట్లాడుతోంది."

"సలిపాలెమా! మీరు బతికే ఉన్నరా? అందరు సచ్చిపోయిన్రు అనుకుంటిమి గదరా కొడుకా! గిన్నేండ్లల్ల మీ దిక్కు నుంచి ఒక్క మనిషన్న రాకపాయె."

"మీరెవరండీ?"

"నర్సవ్వను."

"ఏ నర్సవ్వ?"

"ఏ నర్సవ్వ ఏంది? మీకు పాచి బుడ్డి దెచ్చిచ్చింది నేనే గద. యాది లేదా?"

వెనకాల, నిన్నటి నుంచి గది వదలని కమలాంబ గారి చేతిలోని జావ గిన్నె కింద పడింది. నేను బుర్రలో ఉన్నదే వాగేశాను.

"అమ్మా, మీ బొమ్మకి రోజూ దండ వేస్తున్నాం."

"దండనా? ఓరి మీ పాడుగాను! బతికున్న మనిషికి దండేస్తరా?"

తొట్ల సంగతి చెప్పాను. కూతురు బయల్దేరి గుట్ట మీద ఉందని చెప్పాను. అంతే, ఆ గొంతులో వేళాకోళం పోయింది.

"ఆడనే ఆపు. గుట్ట దాటితె పెద్ద పగులున్నది. అప్పుడే పెద్దగుండె, ఇప్పుడు ఇంకింత ఇచ్చుకపోయింది. దాని సుట్టు తిరిగి వద్దమంటె ఆ పిల్ల తాన గాలి సాలది. నేను గూడ తెల్వక అండ్ల వడబోయి మర్లొచ్చిన."

"వెనక్కి... వెనక్కి వచ్చారా మీరు?"

"రాక? ఎన్నిసార్లు మర్లొచ్చిన్నో నాకే యాది లేదు. ఒక్క మనిషి గంత గాలి ఎట్ల మోస్తదిరా? కొన్ని బుడ్లు మోస్కపోయి ఆడ వెట్టాలె, ఇంటికి రావాలె, కూసోని ఇన్ని నీళ్లు దాగాలె, మళ్ల ఇన్ని మోస్కపోయి ఇంకింత దూరం వెట్టాలె. గట్ల జేసుకుంట జేసుకుంట మీ దాంక వచ్చిన. మా ఊర్ల అందరు నవ్వెటోళ్లు, మళ్లొచ్చింది నర్సవ్వ అని. నవ్వితె నవ్విన్రు. సలికి ఏడ్సుకుంట వచ్చేది, పొద్దుగాల మళ్ల పొయ్యేది."

"ఇదంతా మాకు అప్పుడే ఎందుకు చెప్పలేదమ్మా?"

"మీరు అడిగిన్రా? బుడ్డి గుంజుకొని తొట్టి కాడికి ఉరికిన్రు."

అంతలో సెట్టులో పెద్దచుక్క మోత, ఆకాశం నుంచి వచ్చే గరగర, మొదలైంది. రోజులో ఒకసారి ఆ మోత వస్తుంది, వస్తే పెద్ద సెట్టు దేనికీ పనికిరాదు. నర్సవ్వ గొంతు అందులో మునిగిపోయింది.

నేను ఇంద్రజ వైపు చిన్న సెట్టు మైకు అందుకున్నాను. కమలాంబ గారు నా మణికట్టు పట్టుకుంది. ముసలావిడ పట్టులో అంత బలముందని నాకు తెలియదు.

"వద్దు పద్మనాభం. వెనక నుంచి పిలిస్తే చస్తుంది."

"పిలవకపోతే బతుకుతుందాండీ?"

"అది ఎవరి గొంతో ఏమో. నరసమ్మ తల్లి అలా... ఏడుస్తూ వెనక్కి..." ఆవిడ మాట పూర్తి చేయలేకపోయింది. పట్టు వదలలేదు. నేనే విదిలించుకున్నాను. ఊరి పెద్దని తోసినవాణ్ని నేనొక్కణ్నే అయి ఉంటాను.

"ఇంద్రజా," అన్నాను.

చిన్న సెట్టు గరగరలాడింది. తర్వాత ఏడుపు.

"నాన్నా! ఏం పని చేశావు నాన్నా! వెనక నుంచి పిలిచావు!"

అంతా చెప్పాను. ఒకదాని మీద ఒకటి పడుతూ చెప్పాను. పగులు, గాలి సీసాలు, నర్సవ్వ, ఆవిడ వెనక్కి రావడాలు. నా చెవులకే అది కట్టుకథలా వినిపించింది.

"భయమేసి ఏదో చెబుతున్నావు," అంది ఇంద్రజ. "నేను చచ్చిపోతానని భయం నీకు. నాకూ భయమే నాన్నా. పరీక్ష తప్పినప్పుడల్లా నేను ఆమెనే తలుచుకున్నాను. ఆమె వెనక్కి తిరిగిందంటే ఎలా నమ్మను? సామాను కట్టేశాను. వెళ్తున్నాను. ఇంక పిలవకు."

"ఇంద్రజా! నా మాట విను!"

బండి తాడు లాగుతున్న చప్పుడు వినిపించింది. దాన్ని అరిచి పిలిచాను, బతిమాలాను, తిట్టాను.

అప్పుడు కమలాంబ గారు నా చేతిలోంచి మైకు తీసుకుంది. నోటి దగ్గర పెట్టుకుని ఊరికే పట్టుకుంది. ఆవిడ పెదవులు కదులుతున్నాయి గానీ మాట లేదు. వెనక్కి పిలవడం ఆవిడకి చేతకాదు. ఎప్పుడూ చేయలేదు.

"ఇంద్రజా, నేను," అంది చివరికి. "ఆయన ఎటు చూస్తున్నారో మళ్లీ ఒకసారి చెప్పు."

తాడు చప్పుడు ఆగింది. "ఇటే అత్తా. మన ఊరి వైపే."

"సరిగ్గా చూశావా?"

"చూశాను అత్తా."

ఆవిడ కళ్లు మూసుకుంది. తర్వాత వచ్చిన గొంతు నేనెప్పుడూ విననిది. బడిలో చెప్పే గొంతు కాదు, తగవులు తీర్చే గొంతు కాదు.

"ఏవండీ. నేనండీ. వచ్చేయండి. ఇంటికి వచ్చేయండి. ఎవరూ ఏమీ అనరు. నేను తలుపు తీస్తాను."

గదిలో నేను ఏడుస్తున్నాను. అక్కడ మా అమ్మాయి ఏడుస్తోంది. ఆవిడ ఒక్కతే ఏడవలేదు.

"ఇంద్రజా," అంది, "ఆయన ఒక్కరే రాలేరమ్మా. నువ్వు తీసుకురా."

బండి తాడు విప్పుతున్న చప్పుడు వినిపించింది.

"సరే అత్తా," అంది ఇంద్రజ.

కమలాంబ గారు మైకు నా ఒళ్లో పెట్టి బయటికి నడిచింది. కాసేపటికి గుమ్మం వైపు నుంచి మంచు పగలగొడుతున్న మోత వినిపించింది.

త్రయోదశి

నర్సవ్వ మళ్లీ దొరికింది. గుట్టపల్లి వాళ్లు పగులు చుట్టూ పోయే దక్షిణపు దారిలో గాలి సీసాలు పెట్టడం మొదలుపెట్టారట. ఇటు నుంచి మేమూ పెట్టుకుంటూ పోతే దారి మధ్యలో కలుస్తుంది. కొత్త పాచి బుడ్డి వాళ్లు తెస్తారు. అప్పటిదాకా మిగిలిన ఒక్క తొట్టితో ఊపిరి లాగాలి. పెద్దలం పని లేనప్పుడు పడుకునే ఉంటున్నాం. పీల్చే గాలి కొంత మిగులుతుంది.

ఇంద్రజ: "వస్తున్నాను నాన్నా. బండి బరువుగా ఉంది. మావయ్య బరువు."

"మెల్లగా రా," అన్నాను. ఇలా బదులివ్వడం నాకింకా అలవాటు కాలేదు. అన్న ప్రతిసారీ ఎవరైనా విన్నారేమోనని తలుపు వైపు చూస్తున్నాను.

పున్నమి

వచ్చేసింది.

గుమ్మంలో మా అమ్మాయిని పట్టుకుని ఏం వాగానో గుర్తులేదు. దాని బుగ్గలు గీసుకుపోయి ఉన్నాయి, నవ్వుతోంది, నిలబడలేకపోతోంది. దాన్ని కూర్చోబెట్టి నీళ్లిచ్చాం. ఊరంతా ఈసారి గుమ్మం వైపే తిరిగి నిలబడింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఎవరికీ తెలియలేదు.

సుందరం గారిని లోపలికి తెచ్చి తొట్ల గదిలో వెచ్చగా ఉన్నచోట పడుకోబెట్టాం. తొడుగు మీద ఏళ్ల మంచు. కమలాంబ గారు గుడ్డ తడిపి తుడుస్తూ కూర్చుంది. పేరు బయటపడింది, తర్వాత భుజం పట్టీ, తర్వాత గాలి సీసా, దాని మీద గాలి ఎంతుందో చూపే ముల్లు.

ఆ ముల్లుని ముందుగా చూసింది నేనే. నమ్మలేదు. గోటితో తట్టాను. కదల్లేదు, ఉన్నచోటే ఉంది.

సీసాలో గాలి ఉంది. కొసరు కాదు. గుట్ట దగ్గర నుంచి ఇంటికి వచ్చి, ఇంకా మిగిలేంత ఉంది. పగులు చూసి ఆయన వెనక్కి తిరిగాడు. గుట్ట మీదికి వచ్చాడు. మా దీపం చూశాడు. అక్కడ కూర్చున్నాడు. గాలి ఉండగానే, ఇల్లు కనిపిస్తుండగానే, లేవకుండా చలికి అలాగే కూర్చుని ఉండిపోయాడు.

నాకు అర్థమైన క్షణానే ఆవిడకీ అర్థమైంది. గుడ్డ చేతిలో ఆగిపోయింది.

"రావచ్చు కదండీ," అంది ఆయనతో. "ఇంత దగ్గర దాకా వచ్చి... తలుపు తీయననుకున్నారా?"

ఆవిడ తల తిప్పి నా వైపు చూసింది.

"అప్పుడైతే తీసేదాన్నా, పద్మనాభం?"

ఊళ్లో ప్రతి మాటకీ వెటకారంగా బదులు చెప్పేవాణ్ని నేను. ఆవిడ చేతిలోని గుడ్డ తీసుకుని పిండాను.

ఆవిడ నా బదులు కోసం ఎక్కువసేపు ఆగలేదు. ఆయన భుజం పట్టీ విప్పి, సీసా ఊడదీసి, కొంగుతో శుభ్రంగా తుడిచింది. తీసుకెళ్లి, నీళ్లు తాగుతున్న మా ఇంద్రజ ముందు పెట్టింది.

"ఒళ్లు తేలికపడ్డాక దీన్ని గుట్ట దగ్గర పెట్టి రా," అంది. "పెట్టి, వచ్చేయ్."